గడ్డ దాకా వెళ్ళే మందు

మేకను కోసినప్పుడు కార్జం చూసే ఉంటారు. ముదురు ఎరుపు రంగులో, మెత్తగా ఉంటుంది. మన ఒంట్లోనూ కార్జం ఉంది. పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్ళలో సుమారు కిలోన్నర బరువు తూగుతుంది. పుస్తకాల్లో దీన్ని కాలేయం అని రాస్తారు. డాక్టర్లు లివర్ అంటారు.

కాలేయం చేసే పని అంతా ఇంతా కాదు. తిన్న తిండిలోని సారం పేగుల నుంచి రక్తంలో కలిసి కాలేయానికి వస్తుంది. కాలేయం దాన్ని ఒంటికి పనికొచ్చేలా మారుస్తుంది. విషాలను విరిచేస్తుంది. దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టాలి కదా! దానికి కావలసిన సరుకు తయారు చేసేది కూడా కాలేయమే.

ఈ కాలేయంలో కొందరికి క్యాన్సర్ గడ్డ పుడుతుంది. తొందరగా కనిపెడితే ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. కాని చాలామందిలో అది ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికి కోసి తీయడానికి వీలుండదు. మరి అలాంటప్పుడు ఏం చేయాలి?

రెండు కాలువల మడి

క్యాన్సర్‌కు వాడే మందు చాలా ఘాటైనది. దాన్ని చేతి నరంలోకి ఎక్కిస్తే ఒళ్ళంతా తిరుగుతుంది. గడ్డకు అందేది కొంచెమే. మిగతా ఒంటికి బాధ ఎక్కువ. మందును గడ్డ దగ్గరికే పంపితే బాగుండునని డాక్టర్లు ఆలోచించారు.

దానికి దారి కాలేయంలోనే ఉంది. ఒక మడికి రెండు కాలువల నీళ్ళు వస్తున్నాయనుకోండి. కాలేయానికి కూడా అలాగే రెండు దారుల్లో రక్తం వస్తుంది. పేగుల వైపు నుంచి వచ్చేది పెద్ద కాలువ. నాలుగింట మూడు వంతుల రక్తం దానిలోనే వస్తుంది. గుండె వైపు నుంచి వచ్చేది చిన్న కాలువ. కాలేయం రెండు కాలువల మీదా బతుకుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా చిన్న కాలువ మీదే బతుకుతుంది.

కలుపు ఒక్క కాలువ నీళ్ళే తాగుతుంటే రైతు ఏం చేస్తాడు? ఆ కాలువలోనే మందు కలుపుతాడు. తర్వాత ఆ కాలువకు అడ్డుకట్ట వేస్తాడు. పైరు రెండో కాలువతో బతుకుతుంది.

డాక్టర్లు చేసేది కూడా అదే. గజ్జ దగ్గర రక్తనాళంలోకి సన్నటి గొట్టం ఎక్కిస్తారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ దాన్ని మెల్లగా కాలేయం దాకా తీసుకెళతారు. గసగసాల నూనెతో తయారైన ఒక మందునూనెలో క్యాన్సర్ మందు కలిపి గడ్డకు పోయే నాళంలోకి వదులుతారు. తర్వాత స్పాంజి లాంటి చిన్న ముక్కలతో ఆ నాళాన్ని మూసేస్తారు. మందు గడ్డలో నిలుస్తుంది. గడ్డకు రక్తం అందదు. ఈ వైద్యాన్ని టేస్ అంటారు.

గడ్డ తగ్గితే సరిపోతుందా?

వింటే బాగానే ఉంది. కాని నిజంగా మేలు జరుగుతుందా? చేసి చూడనిదే తెలియదు.

ఫ్రాన్స్ దేశంలో 96 మంది రోగులతో ఒక పరీక్ష చేశారు. 1995లో ఫలితం చెప్పారు. వైద్యం వల్ల గడ్డల పెరుగుదల తగ్గింది. కాని చాలామందిలో కాలేయం ఉన్నట్టుండి దెబ్బతింది. ఈ వైద్యంతో ఎక్కువ కాలం బతికారని గట్టిగా చెప్పడానికి వీల్లేకపోయింది. కలుపు మందుకు పైరు కూడా వాడిపోయినట్టయింది. గడ్డ తగ్గడం వేరు, మనిషి బతకడం వేరు అని దీనివల్ల తెలిసింది.

తర్వాత హాంకాంగ్‌లో డాక్టర్లు మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి రోగులను జాగ్రత్తగా ఎంచారు. 1996, 1997 సంవత్సరాల్లో 279 మందిని చూసి, 80 మందినే తీసుకున్నారు. వాళ్ళను రెండు జట్లు చేశారు. చీటీలు తీసినట్టుగా, ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా విడదీశారు. ఒక జట్టుకు టేస్ వైద్యం రెండు మూడు నెలలకోసారి చేశారు. రెండో జట్టుకు నొప్పి, ఇతర బాధలు తగ్గే వైద్యం చేశారు.

2002లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత టేస్ జట్టులో నూటికి 57 మంది బతికి ఉన్నారు. రెండో జట్టులో నూటికి 32 మందే. మూడేళ్ళ తర్వాత టేస్ జట్టులో నూటికి 26 మంది, రెండో జట్టులో నూటికి ముగ్గురు.

అదే ఏడాది స్పెయిన్‌లోని బార్సిలోనా డాక్టర్లు కూడా ఒక ఫలితం చెప్పారు. వాళ్ళ పరీక్షలో 112 మంది ఉన్నారు. రెండేళ్ళకు టేస్ జట్టులో నూటికి 63 మంది, ఆ వైద్యం లేని జట్టులో నూటికి 27 మంది బతికారు. మేలు స్పష్టంగా కనిపించగానే పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

రెండో జట్టుకు అన్యాయం జరిగిందా అని మీకు అనిపించవచ్చు. పరీక్ష మొదలుపెట్టిన నాడు ఈ వైద్యం మేలు చేస్తుందో, కీడు చేస్తుందో ఎవరికీ తెలియదు. అది తేల్చడానికే పరీక్ష. ముందే తెలిసి ఉంటే అలా విడదీయడం తప్పే అయ్యేది.

టేస్ అందరికీ పనికిరాదు. కామెర్లు ముదిరినవాళ్ళకు, పొట్టలో నీరు బాగా చేరినవాళ్ళకు, పెద్ద కాలువ మూసుకుపోయినవాళ్ళకు మామూలుగా చేయరు. చేసిన తర్వాత కొన్ని రోజులు జ్వరం, నొప్పి, వాంతులు ఉండవచ్చు. జబ్బు పూర్తిగా పోతుందని కూడా కాదు. బతికే కాలం పెరుగుతుంది.

జబ్బు రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు. సారా, బ్రాందీ ఏదైనా కాలేయాన్ని పాడు చేస్తుంది. బూజు పట్టిన వేరుశనగ గింజలు తినకండి. ఆ బూజులోని విషం కూడా కాలేయ క్యాన్సర్‌కు ఒక కారణం.

సంతకం చేసే ముందు

మన దేశంలో కూడా కొత్త మందుల పరీక్షలు జరుగుతాయి. మీ ఇంట్లో ఎవరినైనా పరీక్షలో చేరమని అడగవచ్చు. అప్పుడు ఒక కాగితం ఇస్తారు. అది మీకు తెలిసిన భాషలో ఉండాలి. చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలి. పరీక్షతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. చేరనని చెప్పే హక్కు మీకుంది. చేరిన తర్వాత మానేసే హక్కు కూడా ఉంది. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

ఆ కాగితం మీరే చదవండి. తెలియని మాట ఉంటే అడగండి. మీకు అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

మాట్లాడుకోండి:
1. కాలేయానికి రక్తం ఎన్ని దారుల్లో వస్తుంది?
2. గడ్డ తగ్గినా ఫ్రాన్స్ డాక్టర్లు ఎందుకు తృప్తి పడలేదు?
3. పరీక్షలో చేరమంటే మీరు డాక్టరును ఏమేమి అడుగుతారు?