అర్ధవాహక క్వాంటం వలయం

అర్ధవాహక క్వాంటం వలయం అనేది ఎలక్ట్రానులను గాజు ఆకారపు సన్నని దారిలో బంధించి ఉంచే అతిసూక్ష్మ అర్ధవాహక నిర్మాణం. దీని వ్యాసార్థం పదుల నానోమీటర్ల నుండి సుమారు ఒక మైక్రోమీటరు వరకు ఉంటుంది. క్వాంటం డాట్‌కు, దీనికి ముఖ్యమైన తేడా మధ్యలోని రంధ్రం. వలయం అయస్కాంత పదార్థం కాకపోయినా, ఈ రంధ్రం వలన దానికి విశిష్టమైన అయస్కాంత ధర్మాలు కలుగుతాయి.

తయారీ

గాలియం ఆర్సెనైడ్ పలకపై ఇండియం ఆర్సెనైడ్‌ను పొరలుగా పేర్చినపుడు, రెండింటి స్ఫటిక జాలకాల కొలతలలో సుమారు 7% తేడా ఉండటం వలన రెండవది చిన్న దీవులుగా ఏర్పడుతుంది. ఈ దీవులను గాలియం ఆర్సెనైడ్‌తో పాక్షికంగా కప్పి కొద్దిసేపు వేడిమిలో ఉంచితే, నడుమనున్న పదార్థం వెలుపలికి వ్యాపించి వలయాలు ఏర్పడతాయి. పెద్ద వలయాలను లిథోగ్రఫీ పద్ధతిలో చెక్కుతారు.

ఎలక్ట్రానిక్ ధర్మాలు

ఎలక్ట్రాను తరంగం వలయాన్ని చుట్టివచ్చి తనతో తాను సరిపోవాలి. అందువలన చుట్టుకొలతలో పూర్ణసంఖ్యలో మాత్రమే తరంగాలు ఇముడుతాయి. శక్తి ఈ సంఖ్య వర్గానికి అనులోమానుపాతంలోను, వ్యాసార్థపు వర్గానికి విలోమానుపాతంలోను ఉంటుంది. 20 నానోమీటర్ల వ్యాసార్థం గల గాలియం ఆర్సెనైడ్ వలయంలో మొదటి రెండు స్థాయిల మధ్య అంతరం సుమారు 1.4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి సుమారు 26 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. కాబట్టి ఈ ధర్మాలను స్పష్టంగా పరిశీలించటానికి వలయాన్ని ద్రవ హీలియం ఉష్ణోగ్రతకు లేదా అంతకంటె దిగువకు చల్లబరుస్తారు.

అయస్కాంత ధర్మాలు

అయస్కాంత క్షేత్రం రంధ్రం గుండా మాత్రమే వెళ్ళి ఎలక్ట్రానును తాకకపోయినా, ఎలక్ట్రాను తరంగపు దశ మారుతుంది. 1959లో అహరొనోవ్, బోమ్ వివరించిన ఈ ఫలితాన్ని అహరొనోవ్-బోమ్ ప్రభావం అంటారు. వలయం గుండా పోయే అయస్కాంత అభివాహం పెరిగేకొద్దీ శక్తిస్థాయిలు జరుగుతాయి. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశంతో భాగిస్తే వచ్చే 4.14×10⁻¹⁵ వెబర్లను అభివాహ క్వాంటం అంటారు. అభివాహం ఇంత పెరిగిన ప్రతిసారీ స్థాయిల అమరిక మొదటికి వస్తుంది. ఇందుకు 20 నానోమీటర్ల వలయానికి సుమారు 3.3 టెస్లాల క్షేత్రం అవసరం కాగా, ఒక మైక్రోమీటరు వలయానికి 1.3 మిల్లీటెస్లాలు చాలు.

అభివాహంతో శక్తి మారుతున్నదంటే, బ్యాటరీ లేకుండానే వలయంలో విద్యుత్తు ప్రవహిస్తున్నదని అర్థం. దీనిని నిత్య ప్రవాహం అంటారు. ఇది అతివాహకత్వం కాదు. ఎలక్ట్రాను తరంగం తన దశను కోల్పోకుండా వలయాన్ని చుట్టిరాగలగటమే దీనికి కారణం. ఈ ప్రవాహం వలన వలయానికి అయస్కాంత భ్రామకం ఏర్పడుతుంది. అభివాహంతో పాటు దాని దిశ కూడా మారుతూ ఉంటుంది.

పరిశోధనలు

సాధారణ లోహ వలయాలలోనూ నిత్య ప్రవాహం ఉంటుందని 1983లో బ్యుటికర్, ఇమ్రీ, లాండవర్ ప్రతిపాదించారు. 1993లో ఫ్రాన్సులో మైయీ బృందం ఒకే ఒక అర్ధవాహక వలయంలో సుమారు 4 నానోఆంపియర్ల ప్రవాహాన్ని కొలిచింది. 2000లో లోర్కె బృందం ఇండియం ఆర్సెనైడ్ వలయాలలో, సుమారు 8 టెస్లాల క్షేత్రం వద్ద, కనిష్ఠ శక్తిస్థాయి మారటాన్ని గుర్తించింది.

హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ ఛటర్జీ, సహ పరిశోధకులతో కలిసి 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక సైద్ధాంతిక అధ్యయనాన్ని ప్రచురించారు. వలయంలోని పరమాణువుల కంపనాలతో ఎలక్ట్రానుల అన్యోన్య చర్య నిత్య ప్రవాహాన్ని తగ్గిస్తుందని, ఎలక్ట్రాను స్పిన్‌ను దాని చలనంతో ముడిపెట్టే రష్బా ప్రభావం దానిని పెంచుతుందని ఆ అధ్యయనం తెలిపింది.