తొమ్మిదింటి తాకిడికి తట్టుకునే డ్రైవు ఏది?

సోమవారం ఉదయం 8:55. ఓ కాల్‌సెంటర్‌లో 200 మంది షిఫ్టు బస్సులు దిగి, హెడ్‌సెట్లు తగిలించుకుని, ఇంచుమించు ఒకేసారి లాగిన్ అవుతారు. వాళ్ల బల్లల మీద ఉన్నవి పూర్తి కంప్యూటర్లు కావు, మానిటర్‌కు తగిలించిన అరచేతి మందం పెట్టెలు. విండోస్ నడిచేది దూరంగా, సర్వర్ గదిలో. తెర మీద చుక్కలు గిర్రున తిరుగుతుంటాయి. రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు... మొదటి కాల్ వచ్చేసరికి సగంమందికి తెర తెరుచుకోదు. ఐటీ వాళ్ల ఫోన్ మోగడం మొదలవుతుంది: "సిస్టమ్ స్లోగా ఉందండీ!"

ఈ ఏర్పాటునే వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. పొద్దున్నే వచ్చిపడే ఈ రద్దీకి ఆ రంగంలో 'బూట్ స్టార్మ్', 'లాగిన్ స్టార్మ్' అని పేర్లు. ప్రాసెసర్, మెమరీ సరిపడా ఉన్నా చాలాసార్లు ఇరుకు వచ్చేది స్టోరేజీ దగ్గరే.

ఎందుకో తెలియాలంటే పాత హార్డ్ డిస్కు లోపలికి చూడాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు పూర్తికావడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన చోటు హెడ్ కిందికి వచ్చేవరకు సగటున అర చుట్టు ఆగాలి. హెడ్ అటూ ఇటూ జరగడానికి ఇంకొంత సమయం. అన్నీ కలిపితే సెకనుకు 80 చిన్న పనులు చేయడమే గగనం. 200 డెస్క్‌టాప్‌లు మామూలు వేళల్లో ఒక్కోటి 15 పనులు అడుగుతాయనుకున్నా సెకనుకు 3,000 పనులు. అంటే దాదాపు 38 డిస్కులు కావాలి, అదీ పొద్దుటి రద్దీని లెక్కలోకి తీసుకోకుండానే. 200 విస్తళ్ల పంక్తిలో ఒక్కడే వడ్డిస్తూ, ప్రతి పిలుపుకూ ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తినట్టు ఉంటుంది హెడ్ పరిస్థితి.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. ఒక్కోటి సెకనుకు వేలకు వేలు పనులు చేస్తుంది. అలాగని ఏది కొన్నా ఒకటే అనుకుంటే పొరపాటు.

పెట్టె మీద పెద్దక్షరాలతో 'సెకనుకు 7,000 మెగాబైట్లు' అని ఉంటుంది. అది ఒక సినిమా ఫైలును వరసగా కాపీ చేసేటప్పటి వేగం. వర్చువల్ డెస్క్‌టాప్‌లు అడిగేది వేరు: ఇక్కడో ముక్క, అక్కడో ముక్క, ఒక్కోటి నాలుగు కిలోబైట్లంత. పొద్దున బూట్ అయ్యేటప్పుడు చదవడం ఎక్కువ. ఆ తర్వాత రోజంతా బ్రౌజర్ కాష్, పేజ్ ఫైల్, యూజర్ ప్రొఫైల్, లాగ్‌ల పేరుతో రాయడమే ఎక్కువ. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలు చాలావాటిలో కొంత భాగాన్ని వేగంగా రాసుకునే కాష్‌గా వాడతారు. అది నిండగానే వేగం పడిపోతుంది. అలాంటి డ్రైవు మొదటి నిమిషంలో దూసుకుపోయి, పదో నిమిషంలో చతికిలబడుతుంది. అందుకే గంటల తరబడి చదవడం, రాయడం కలగలిపి పరీక్షించి, ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లకు చేరిందో చూడాలి.

డ్రైవును సర్వర్‌తో కలిపే దారి కూడా ముఖ్యమే. శాటా డ్రైవులు వాడే పాత పద్ధతిలో ఒకే క్యూ ఉంటుంది, అందులో 32 పనులకే చోటు. 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ పద్ధతి 64 వేలకు పైగా క్యూలను అనుమతిస్తుంది. ఒకే కౌంటరున్న బ్యాంకుకూ, వచ్చినవాళ్లకు వచ్చినట్టు కౌంటర్లు తెరిచే బ్యాంకుకూ ఉన్నంత తేడా. వందలమంది ఒకేసారి వచ్చిపడే చోట ఇది బాగా తెలుస్తుంది.

ఇక అరుగుదల. ఎస్‌ఎస్‌డీ సమాచారం దాచే ఫ్లాష్ మెమరీలో రాయడం చిన్న చిన్న పేజీలుగా జరుగుతుంది, చెరపడం మాత్రం పెద్ద బ్లాకులుగానే. పలక మీద ఒక్క అక్షరం మార్చాలన్నా పలకంతా తుడవాలన్నమాట. ప్రతి తుడుపుకూ కణాలు కాస్త అరుగుతాయి. కంపెనీలు ఈ ఓర్పును 'రోజుకు డ్రైవంతా ఎన్నిసార్లు రాయొచ్చు' అనే లెక్కలో చెబుతాయి. 1.92 టెరాబైట్ల సర్వర్ డ్రైవుకు రోజుకు ఒకసారి చొప్పున ఐదేళ్ల హామీ ఉంటే, మొత్తం 3,504 టెరాబైట్లు రాయొచ్చు. శామ్‌సంగ్ 870 ఈవో రెండు టెరాబైట్ల డ్రైవుకు ఇచ్చే హామీ 1,200 టెరాబైట్లు, ఒక్కో కణంలో నాలుగు బిట్లు కుక్కే 870 క్యూవీవోకు 720. ఇంట్లో ఇవి పుష్కలం. వందల డెస్క్‌టాప్‌లు రేయింబవళ్లు రాసేచోట, అందులోనూ ఒకటి పోయినా సమాచారం నిలిచేలా డ్రైవులను జట్టుకట్టి, ఒక్క చిన్న రాతను రెండు రాతలుగా మార్చే రెయిడ్-5 ఉన్నచోట, లెక్క చకచకా కరుగుతుంది.

సర్వర్ ఎస్‌ఎస్‌డీ మూత తీస్తే బోర్డు అంచున చిన్న చిన్న కెపాసిటర్లు వరసగా కనిపిస్తాయి. కరెంటు హఠాత్తుగా పోతే, అప్పటికి తాత్కాలిక మెమరీలో ఉన్న సమాచారాన్ని ఫ్లాష్‌లోకి దించడానికి చాలినంత విద్యుత్తు అవి అందిస్తాయి. చౌక డ్రైవుల్లో ఆ వరస ఉండదు. ఒక మాస్టర్ ఇమేజ్ (విండోస్ మూలప్రతి) నుంచి వందల డెస్క్‌టాప్‌లు పుట్టే చోట, ఆ ఇమేజ్ పాడైతే అందరి తెరలూ ఒకేసారి ఆగిపోతాయి.

నాణ్యమైన డ్రైవులు కొన్నా పని అక్కడితో అయిపోదు. 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ తన కస్టమర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని ఎస్‌ఏఎస్ రకం సర్వర్ ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు, అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయి, అందులోని డేటా తిరిగిరాదు. లోపం ఫర్మ్‌వేర్‌ది, అంటే డ్రైవును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ది. ఒకే రోజు బిగించిన డ్రైవులైతే దాదాపు ఒకేసారి పోతాయి కాబట్టి, ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాలనే రెయిడ్ సూత్రం అక్కడ పనిచేయదు. సంస్థ ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌ను ఆ గంట రాకముందే ఎక్కించుకోవడం ఒక్కటే మార్గం. డెస్క్‌టాప్‌లు ఆపకుండా ఫర్మ్‌వేర్ మార్చుకోవచ్చా అని టెండర్‌లోనే అడగడానికి, డ్రైవు ఎన్ని గంటలు నడిచిందో నెలనెలా రాసి పెట్టుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.