జెయిన్ నానో కణాల్లో కుర్కుమిన్: రక్షణ, విడుదల, లభ్యత

పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. దానిని శరీరానికి తగినంతగా అందించే మార్గం మాత్రం నేటికీ పరిశోధనాంశమే. కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. పైగా, సాధారణంగా భావించేట్లు జఠరామ్లం దానికి ప్రధాన శత్రువు కాదు. ఆమ్లంలో అది చాలావరకు నిలకడగానే ఉంటుంది. అసలు ముప్పు చిన్నపేగులో ఉంది. పీహెచ్ 7.2 గల ద్రావణంలో, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద, అరగంటలోనే సుమారు 90 శాతం కుర్కుమిన్ విచ్ఛిన్నమైనట్లు 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. ఈ స్థితిలో మొక్కజొన్న ప్రోటీన్ అయిన జెయిన్ ఎంతవరకు ఉపకరిస్తుంది, ఎక్కడ దాని పని ఆగిపోతుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి దీనిని 'జీన్' అని రాస్తే జన్యువు అనే అర్థంతో కలగాపులగమవుతుంది. కనుక 'జెయిన్' అనే రూపాన్నే గ్రహించాను. పాఠ్యపుస్తకాల్లోని 'మాంసకృత్తు' కూడా మొక్కజొన్న విషయంలో ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి 'ప్రోటీన్' అనే మాటనే వాడాను.

జాన్ గోరమ్ 1821లో వేరుచేసిన ఈ ప్రోటీన్‌లో నీటిని దూరంగా ఉంచే స్వభావం గల అమైనో ఆమ్లాలు అధికం. అందువల్ల అది నీటిలో కరగదు. 70-80 శాతం ఇథనాల్‌లో కరుగుతుంది. నానో కణాల తయారీకి ఈ గుణమే ఆధారం. జెయిన్‌నూ కుర్కుమిన్‌నూ అటువంటి ఇథనాల్‌లో కలిపి, ఆ ద్రావణాన్ని వేగంగా కలియబెడుతున్న నీటిలో పోస్తారు. ఇథనాల్ గాఢత ఒక్కసారిగా పడిపోగానే జెయిన్ అణువులు నీటికి ముడుచుకొని ఒకదానినొకటి ఆశ్రయిస్తాయి. కుర్కుమిన్ వాటి నడుమ చిక్కుకుపోతుంది. ఇట్లా ఏర్పడే కణాల వ్యాసం తరచుగా 100-200 నానోమీటర్లు ఉంటుంది. అయితే పీహెచ్ 6 ప్రాంతంలో వాటి విద్యుదావేశం తగ్గి, అవి గుంపుకట్టి అడుగుకు చేరతాయి. దీనిని నివారించటానికి పెక్టిన్, తుమ్మజాతి చెట్ల బంక వంటి వాటితో పైపూత వేస్తారు. పాలనుంచి తీసిన కేసినేట్ కూడా ఈ పనికి బాగా పనికివస్తుంది; కానీ అప్పుడు అది పూర్తిగా శాకజన్య కణం కాదు.

జెయిన్ మంచి కాపలాదారు కావటానికి ఒక కారణం పోషకాహార దృష్టిలో దాని లోపమే. చిన్నపేగులోని ట్రిప్సిన్ ప్రోటీన్ గొలుసును లైసిన్, ఆర్జినిన్‌ల వద్ద మాత్రమే తెంపుతుంది. జెయిన్‌లో లైసిన్ దాదాపు లేదు, ఆర్జినిన్ స్వల్పం. కోతకు తావు తక్కువ కనుక కణం నిదానంగా విడిపోతుంది.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. కణంలోనే మిగిలిపోయిన కుర్కుమిన్ వల్ల ప్రయోజనం లేదు. విడుదలైనదాన్ని కూడా పేగు గోడదాకా మోయటానికి పైత్యరస లవణాలు, కొవ్వు జీర్ణమైనప్పుడు వచ్చే పదార్థాలు కలిసి ఏర్పరచే మైసెల్‌లు కావాలి. జెయిన్ కొవ్వు కాదు. ఆ పదార్థాలను అది ఇవ్వలేదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జూలియన్ మెక్‌క్లెమెంట్స్ పాల్గొన్న 2016 నాటి పరిశోధనలో జెయిన్ కణాలకు జీర్ణమయ్యే కొవ్వు నానో కణాలను జతచేసినప్పుడు ఫలితం మెరుగుపడింది. ఒకటి కాపాడింది, మరొకటి మోసింది. మన వంటలో పసుపు చాలావరకు నూనెతో కలిసే కూరలోకి చేరుతుందన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.

ఇటువంటి ఫలితాల్లో అధికభాగం గాజుపాత్రల్లో లభించినవి. 2014లో వెలువడిన ఇన్ఫోజెస్ట్ పద్ధతి ప్రకారం జఠర దశ పీహెచ్ 3 వద్ద రెండు గంటలు, పేగు దశ పీహెచ్ 7 వద్ద రెండు గంటలు సాగుతాయి. చివరకు మైసెల్‌లలో కరిగి మిగిలిన భాగాన్ని కొలుస్తారు. దానిని 'జీర్ణలభ్యత' అనవచ్చు. పేగు గోడను దాటి, కాలేయాన్ని కూడా దాటి రక్తంలో ప్రసరించే భాగం 'జీవలభ్యత'. కుర్కుమిన్ విషయంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. పేగు గోడా కాలేయమూ దానిని గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాల్లోకి మార్చివేస్తాయి. అప్పటికి కణం విడిపోయి ఉంటుంది కనుక ఆ మార్పును ఆపలేదు. తెలుగులో రెండింటినీ 'లభ్యత' అనే ఒక్క మాటతో సరిపెడితే, గాజుపాత్రలో వచ్చిన శాతం రోగి రక్తంలోని శాతంగా చెలామణీ అవుతుంది. మందుల దుకాణంలో పసుపు గుళికలు కొనేవారు చదివేది ఆ శాతాన్నే.