'న్యూసెన్స్' – అర్థవిచారం

అన్యభాషాపదం తెలుగులో అడుగుపెట్టినప్పుడు తన అర్థాన్నంతటినీ వెంట తెచ్చుకోదు. కొంత దారిలో జారిపోతుంది. కొంత కొత్తగా వచ్చి చేరుతుంది. భాషాశాస్త్రవేత్తలు దీనిని అర్థవిపరిణామం అంటారు. నిత్యవ్యవహారంలో వినిపించే 'న్యూసెన్స్' అనే ఆంగ్లపదం ఇందుకు చక్కని ఉదాహరణ.

హాని చేయుట అనే అర్థంగల లాటిన్ క్రియాపదం దీనికి మూలం. హాని చేయనివాడు అనే అర్థంలో ఏర్పడిన 'ఇన్నోసెంట్' కూడ దానినుండి పుట్టినదే. ఆంగ్లంలో మొదట హాని అనే బలమైన అర్థాన్నిచ్చిన పదం కాలక్రమాన తీవ్రత కోల్పోయి, వాడుకలో 'చికాకు' స్థాయికి దిగింది. చెవి దగ్గర దోమ, అదేపనిగా మోగే ఫోను అక్కడ న్యూసెన్సులే. తెలుగువారు మరొక దారి పట్టారు. 'తాగి న్యూసెన్స్ చేస్తున్నాడు' అంటే అల్లరి, గొడవ అని అర్థం. ఆంగ్లంలో మనిషినో వస్తువునో న్యూసెన్స్ అనడం పరిపాటి; తెలుగులో దానికి 'చేయు' ధాతువును చేర్చి క్రియగా మార్చుకొన్నారు.

న్యాయశాస్త్రం మాత్రం పాత అర్థాన్ని విడువలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 268వ సెక్షనులోను, 2024 జూలై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షనులోను నిర్వచనం ఒక్కటే. ప్రజలకు గాని పరిసరవాసులకు గాని హాని, ప్రమాదం, చికాకు కలిగించే పని న్యూసెన్స్. చట్టప్రకారం చేయవలసిన పనిని చేయకపోవడం వలన అవి కలిగినా న్యూసెన్సే. దానివలన ఎవరికో కొంత సౌకర్యం ఉన్నదన్న కారణంతో దానిని మన్నించరాదని కూడ చట్టం స్పష్టంగా చెప్పింది.

విజయవాడ–హైదరాబాదు 65వ నంబరు జాతీయ రహదారిపై కంచికచర్లకు, నందిగామకు నడుమ కీసర ఉన్నది. పూర్వం కృష్ణాజిల్లాలోనిదైన ఈ ఊరు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. 2023 జూలై చివరలో సమీపంలోని ఐతవరం వద్ద మున్నేటి వరద రహదారిపైకి వచ్చి రాకపోకలు నిలిచిపోయాయి. అది అంతరాయం, న్యూసెన్స్ కాదు, నదికి చట్టం వర్తించదు గనుక. కీసర టోల్‌గేటు వద్ద పండుగనాడు బారులు తీరిన కార్లలో కూర్చున్నవారు పడేది ఇబ్బంది. అదే రహదారిపై రాత్రివేళ దీపాలు లేకుండ లారీని నిలిపివేస్తే అది అక్షరాల న్యూసెన్స్.

పల్లె రోడ్లపై ధాన్యం ఆరబోయడం కొంచెం చిక్కయిన ఉదాహరణ. కల్లం లేని రైతుకు తారురోడ్డే కల్లం. పగలు అది బాటసారికి చిన్న ఇబ్బంది. చీకటిపడ్డాక రాశిపై నల్లని పట్టా కప్పి చుట్టూ రాళ్లు పేర్చితే, వాటిని ఢీకొని ద్విచక్రవాహనదారులు మరణించిన వార్తలు తెలుగు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. రైతు దుర్మార్గుడు కాడు; పంట కాపాడుకోవడమే అతని తాపత్రయం. అయినా ఆ సౌకర్యం చట్టం ముందు సమాధానం కాజాలదు. ఇటువంటి చోట 'చికాకు' అని అనువదిస్తే పదం తేలిపోతుంది. పాత స్మృతిలోని 290వ సెక్షను విధించిన గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. ఇప్పటి 292వ సెక్షనులో అది 1,000. ఈ పదాన్ని జనం తేలికగా తీసుకోవడానికి జరిమానా స్వల్పం కావడం కూడ కొంత కారణం కావచ్చు.

మరి తెలుగులో సమానపదం లేదా? సందర్భాన్నిబట్టి ఉన్నది. పదేపదే వేధించేది బెడద: దోమల బెడద, కోతుల బెడద. వదిలితే చాలుననిపించేది పీడ; అందుకే 'పీడ విరగడైంది' అంటారు. చట్టం చెప్పే అర్థానికి అన్నిటికంటె దగ్గరిది 'కంటకం'. ముల్లు అని దీని వాచ్యార్థం. కాలిలో దిగిన ముల్లు చిన్నదే, కాని నడక సాగనీయదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణానికి 'కంటకశోధనం' అని పేరు. ప్రజలను మోసగించే వర్తకులు, వృత్తికారులు అందులో కంటకులే. వారితోపాటు అగ్ని, వరద, ఎలుకలు, పాముల వలన కలిగే ఆపదలకు ప్రతిక్రియలను కూడ కౌటిల్యుడు ఆ అధికరణంలోనే చెప్పాడు. ఆ లెక్కన మున్నేటి వరద కూడ కంటకమే.