ముప్పేటలో మూడు

చెన్నై జార్జి టౌన్‌లో ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు నగల కొట్లకు వెళ్లిన తెలుగువాళ్లు ముప్పేట గొలుసు అన్నా, మూడు పేటల గొలుసు అన్నా చేతికొచ్చే నగ ఒక్కటే. మాటల కట్టుబడి మాత్రం వేరు. రెండోదాంట్లో ‘మూడు’ నిండుగా ఉంది. మొదటిదాంట్లో అది ‘ము’గా పొట్టిదైంది, ఆ లోటు తీర్చినట్టుగా పక్కనున్న పకారం ద్విత్వమైంది. ముక్కంటి, ముమ్మారు, మువ్వన్నె కూడా అంతే. సమాసంలో రెండు ‘ఇరు’ అవుతుంది, నాలుగు ‘నలు’ అవుతుంది: ఇరువైపులా, నలుదిక్కులు. ఇరవై, ముప్పై, నలభై అని లెక్కపెట్టే ప్రతివాళ్లూ తెలియకుండానే ఈ పొట్టి రూపాలను పదికి తగిలిస్తున్నారు. ఇంత చక్కని సొంత ఏర్పాటును బడిలో ‘సంఖ్య ముందుంటే ద్విగు సమాసం’ అని ఒక్క ముక్కలో దాటేయడం అన్యాయం.

ద్విగువు అన్న పేరు పెద్దలు పెట్టిందే కదా, అందులో తప్పేముంది అనవచ్చు. నిజమే. ఈ పేట బ్లాక్ టౌన్‌గా ఉన్న రోజుల్లో పచ్చయ్యప్ప పాఠశాలలో తెలుగు చెప్పిన పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృత పరిభాషనే వాడారు. కానీ సమాసాలను సాంస్కృతికం (సంస్కృత పదాలవి), ఆచ్ఛికం (తెలుగు పదాలవి), మిశ్రం అని విడదీసిందీ ఆయనే. పేరు అరువుదైనంత మాత్రాన పద్ధతి అరువుదైపోదు. ‘త్రిలోకం’లో ద్విత్వం లేదు, ‘ముల్లోకాలు’లో ఉంది. పంచవటి ఏకవచనం, ముల్లోకాలు బహువచనం. ఇక్కడి వీధుల్లో పక్కనే వినిపించే తమిళం ఇంకా గట్టి సాక్ష్యం: మూడు కాళ్ల పీట ముక్కాలి, నాలుగు కాళ్ల కుర్చీ నార్కాలి. ఈ పోలిక ద్రావిడ కుటుంబం నుంచి వచ్చింది.

ఇవన్నీ పాతబడ్డ మాటలు, కొత్తవి పుట్టవు అన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మూడు చక్రాల బండిని ‘ముచ్చక్రాల బండి’ అని ఎవరూ అనరు. నాలుగు దాటాక మార్పు బాగా పలచబడుతుంది: ఏడుకొండలు, ఏడువారాల నగలు అనడంలో ఏడు ఏడుగానే ఉంది. అయినా మువ్వన్నెల జెండా చిన్నయసూరి కాలం మాట కాదు, జాతీయోద్యమ కాలానిది. ఎన్నికల వార్తల్లో ముక్కోణపు పోటీ అన్నది అంతకన్నా కొత్తది. బడి పిల్లలకు త్రిలోకం పక్కనే ముల్లోకాలు రాసి, ఆ లకారం ఎందుకు రెట్టించిందో అడగాలి. జవాబు వాళ్ల నోట్లోనే ఉంది, ముప్పై అన్నప్పుడల్లా పలుకుతున్నదే.