మందు ఎక్కించే ముందు మోకాలు చూడాలి

కాన్పుల వార్డులో ‘మ్యాగ్‌సల్ఫ్’ అని పిలుచుకునే మెగ్నీషియం సల్ఫేట్ ఎందరో తల్లుల ప్రాణం నిలిపిన మందు. బీపీ పెరిగిన గర్భిణులకు గుర్రపువాతం వచ్చే ముప్పును అది సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో వెలువడిన ‘మ్యాగ్‌పై’ అనే అధ్యయనం తేల్చింది. ఒంట్లో మోతాదు మించితే మాత్రం అదే మందు ఊపిరి ఆపేస్తుంది.

నర్సింగ్ విద్యార్థిని ఇదంతా ఫార్మకాలజీ పరీక్షలో చక్కగా రాస్తుంది. 50 శాతం మందు 2 మి.లీ. ఆంప్యూల్‌లో 1 గ్రాము ఉంటుంది. నరానికి 4 గ్రాములు ఇవ్వాలంటే 8 మి.లీ. మందుకు 12 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. కానీ పక్కన పేషెంటు తల్లి “సిస్టరమ్మా, పిల్లకేమైందమ్మా?” అని ఏడుస్తుంటే, ఆ లెక్క చేతికి అందదు. సిమ్యులేషన్, అంటే ఉత్తుత్తి పేషెంటుతో చేసే సాధన, అవసరం అక్కడే.

మంచం మీద తోటి విద్యార్థిని పేషెంటుగా పడుకుంటుంది. తర్వాతి డోసు వేళయింది. సిరంజి పట్టే ముందు అమ్మాయి మూడు విషయాలు చూడాలి: మోకాలి కింద తడితే కాలు ఎగురుతోందా, నిమిషానికి 16 శ్వాసలైనా ఉన్నాయా, గంటకు 30 మి.లీ. మూత్రమైనా వస్తోందా. “కాలు కదల్లేదు” అంటుంది టీచరు. మందు ఒంట్లో ఎక్కువైందనడానికి తొలి గుర్తు అదే. డోసు ఆపి, డాక్టరును పిలిచి, విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేయాలి. గుర్తు పట్టక డోసు ఇచ్చేసినా ఇక్కడ ఎవరి ప్రాణమూ పోదు.

అసలు పాఠం ఆ తర్వాతే. “సిరంజి తీసేటప్పుడు ఏమనుకున్నావమ్మా?” అని టీచరు నిదానంగా అడగాలి. తిడితే మరుసటిసారి తప్పు దాస్తారు. మందుల విషయంలో దాచిన తప్పు కంటే ప్రమాదకరమైనది లేదు.

1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల శిక్షణకు నిలువెత్తు బొమ్మ తెప్పించుకుంది. నేటి బొమ్మలు ఊపిరి తీసుకుంటాయి, వాటికి నాడి ఆడుతుంది. అయితే ఈ పాఠానికి అంత ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. మనిషి మోకాలు, నీళ్లు నింపిన ఆంప్యూళ్లు చాలు. వాటి మీద ‘శిక్షణకు మాత్రమే’ అని రాసి, వార్డు దరిదాపుల్లోకి రానీయకూడదు.

భారతీయ నర్సింగ్ కౌన్సిల్ 2021 బీఎస్సీ సిలబస్‌లో సిమ్యులేషన్‌కు చోటిచ్చింది. ఫార్మకాలజీ మూడు, నాలుగు సెమిస్టర్లలో ఉంది. ప్రిన్సిపాళ్లకు నా విన్నపం: ఆ టైమ్‌టేబుల్‌లో ఈ సాధనకు వారానికి ఒక పూటైనా కేటాయించండి.