తేరుకొన్నదా, లేదా?

నల్లగొండ జిల్లాలో చాలా గ్రామముల బావినీటిలో ఫ్లోరైడు హెచ్చు. గ్రానైటు శిలలనుండి అది నీటిలోనికి చేరును. ఏండ్ల తరబడి అట్టి నీరు త్రాగినవారికి పండ్లు గారపట్టును, ఎముకలు వంకరలు పోవును. దీనికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970వ దశకములో ఒక విరుగుడు రూపొందించినది. దానికే ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. బకెట్టు నీటిలో తగు పాళ్ళలో సున్నము, పటిక వేసి, పది నిమిషములు మెల్లగా కలిపి, గంటసేపు కదల్చక ఉంచుదురు. మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పై తేటను తీసుకొందురు.

ఆ గంటసేపు ఇల్లాలు బకెట్టు ఎదుట కూర్చుండదు. వంట చేసికొనుచు నడుమ ఒకసారి తొంగిచూచును. చేయి పెట్టి కలచిన మడ్డి మరల లేచునని ఆమె ఎరుగును.

కంప్యూటరులోను ఇట్టి ఏర్పాటు కలదు. ఆలస్యమగు పనిని వేరొక వైపు సాగనిచ్చి, ముఖ్య ప్రోగ్రాము తన పని తాను చేసికొనును. రాబోవు ఫలితమునకు గుర్తుగా చేతికి వచ్చు వస్తువును ‘ఫ్యూచరు’ అందురు. 1977లో బేకరు, హ్యూయిట్ అను శాస్త్రజ్ఞులు ఈ పేరు వాడిరి. ఫలితమునే కోరినచో అది వచ్చువరకు ప్రోగ్రాము నిలిచిపోవును. సిద్ధమా అని మాత్రము అడిగిన, నిలువకయే జవాబు దొరకును. అయితే క్షణక్షణము అడుగుట శ్రమ దండుగ. పని ముగిసినప్పుడు కబురు పంపునట్లు ముందే ఏర్పరచుట మేలు.

2011 నాటి సీ ప్లస్ ప్లస్ భాషా ప్రమాణములో ఎంతమాత్రము వేచియుండక అడిగిన ప్రశ్నకు మూడు జవాబులు కలవు: సిద్ధము, ఇంకను కాలేదు, అసలు మొదలిడలేదు. మూడవది మోసకారి. నీరు అడిగినప్పుడే పటిక వేయుదమని పక్కన పెట్టిన బిందెవంటిది అది. ఎన్నిమార్లు తొంగిచూచినను ఆ నీరు తేరదు. ‘సిద్ధము’ అను జవాబుకొరకే ఎదురుచూచు ప్రోగ్రాము అక్కడ ఎన్నటికిని తెమలదు.

మరియొక హెచ్చరిక: ముగిసినది వేరు, సఫలమైనది వేరు. జావా భాషలో పని నెరవేరినను, తప్పు జరిగి ఆగినను, రద్దయినను ‘ముగిసినది’ అనియే జవాబు వచ్చును. నిజము తెలియవలెనన్న ఫలితమును తీసి చూడవలెను. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. కనుక తేటపడిన నీరెల్ల మంచినీరు కాదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించలేదని పరీక్షలో తేలిన పిమ్మటనే ఆ నీటిని పిల్లలకు త్రాగింపవలెను.